“ఒక డిస్కులో రెండు గంటలు పడుతుంది”: ఈ వాక్యాన్ని ఎలా సరిచేయాలి?

పాత పెళ్లి క్యాసెట్లు ఇంకా బీరువాలో దాచుకున్న చుట్టాలు మాకు చాలామందే ఉన్నారు. వాటిని డీవీడీల్లోకి మార్పించుకునే వాళ్ల కోసం తేలిక తెలుగులో ఒక పేజీ రాస్తున్నాను. మొదటి పేరాలోనే ఈ వాక్యం వచ్చింది: “ఒక డిస్కులో రెండు గంటలు పడుతుంది.” మా పిన్ని చదివి, రెండు గంటల వీడియో సరిపోతుందని అర్థం చేసుకుంది. బాబాయి మాత్రం డిస్కు తయారయ్యేదాకా షాపులో రెండు గంటలు కూర్చోవాలేమో అనుకున్నాడు.

రెండో చిక్కు. నాలుగు గంటల వీడియోను ఒకే డిస్కులో... ఏం చేయాలి? పట్టించాలా, ఇమడ్చాలా, కుదించాలా, కుక్కాలా? ‘సంపీడనం’ మాత్రం వద్దండీ. ఆ మాట పెడితే మా పిన్ని పేజీ మడిచి పక్కన పెట్టేస్తుంది.

నిఘంటుప్రియ: పాత్ర ఎంత పట్టుకుంటుందో చెప్పడానికీ, పనికి ఎంతసేపు కావాలో చెప్పడానికీ మనకు ‘పట్టు’ అనే ఒకటే క్రియ ఉంది. ఈ బిందెలో పది లీటర్లు పడతాయి, ఊరికి వెళ్లడానికి మూడు గంటలు పడుతుంది. అది చాలదన్నట్టు ‘పట్టు’, ‘పడు’ రెండూ వాడుకలో ‘పడుతుంది’ దగ్గర కలిసిపోతాయి. భూతకాలంలో పట్టింది, పడింది అని మళ్లీ విడిపోతాయి. మామూలుగా ఇది ఇబ్బంది పెట్టదు, ఎందుకంటే బిందెను గంటల్లో కొలవం. డిస్కును కొలుస్తాం కాబట్టే తంటా.

మందు తేలికే. “రెండు గంటల వీడియో పడుతుంది” అనండి. ‘గంటలు’ కాస్తా ‘గంటల’ అయ్యేసరికి బాబాయి గారి సందేహం పోతుంది. ‘పట్టించడం’ మాత్రం వాడకండి. పిండి పట్టిస్తాం, తలకు నూనె పట్టిస్తాం, దొంగను పట్టిస్తాం. వాటి మధ్య డీవీడీకి చోటు లేదు.

మిక్సింగ్‌రూమ్: పెళ్లి వీడియోల మిక్సింగ్ మా వృత్తి. బాబాయి గారి అర్థం కూడా కరెక్టే మేడమ్. క్యాసెట్ ఆడుతుండగానే కంప్యూటర్లోకి ఎక్కించాలి, వేరే దారి లేదు. రెండు గంటల క్యాసెట్టుకు రెండు గంటలు పడుతుంది.

‘కుదించడం’తో జాగ్రత్త. కస్టమర్ “కాస్త కుదించి ఇవ్వండి” అంటే మేం తప్పకుండా ఒక మాట అడుగుతాం: సీన్లు కోయాలా, సైజు తగ్గించాలా? కోస్తే నిడివి తగ్గుతుంది. సైజు తగ్గిస్తే నిడివి అంతే ఉంటుంది, బొమ్మ నాణ్యత దిగుతుంది. తెలుగులో ఈ రెంటికీ ‘కుదించు’ అనే అంటున్నాం.

అసలు డిస్కుకు గంటలు తెలియవు, బిట్లే (కంప్యూటర్ సమాచారంలో అతిచిన్న ముక్కలు) తెలుసు. మామూలు డీవీడీ 4.7 జీబీ, అంటే 470 కోట్ల బైట్లు. (కంప్యూటర్లో పెడితే 4.37 అని చూపిస్తుంది. అది లెక్కపెట్టే పద్ధతిలో తేడా, డిస్కులో లోపం కాదు.) బైటుకు ఎనిమిది బిట్లు, కాబట్టి ఎనిమిదితో గుణిస్తే 3,760 కోట్ల బిట్లు. దీన్ని వీడియో సెకన్లతో భాగించండి. రెండు గంటలకు 7,200 సెకన్లు, కాబట్టి సెకనుకు 52 లక్షల బిట్లు వస్తాయి. అది బాగానే ఉంటుంది. మూడు గంటలైతే 35 లక్షల లోపు. నాలుగు గంటలైతే 26 లక్షలే. ఇందులోనే శబ్దానికీ వాటా పోవాలి, మెనూకీ కొంచెం వదలాలి.

శబ్దం దగ్గరే చాలామంది దెబ్బతింటారు. పీసీఎం ఆడియో, అంటే సైజు తగ్గించని శబ్దం పెడితే సెకనుకు 15 లక్షల బిట్లు దానికే పోతాయి. నాలుగు గంటల డిస్కులో ఇక బొమ్మకు మిగిలేది 11 లక్షలు. అదే సైజు తగ్గించిన శబ్దం, అంటే డాల్బీ ఏసీ3లో సెకనుకు 192 కిలోబిట్లు పెడితే రెండు లక్షల లోపే. సన్నాయి, డోలు, పంతులుగారి మంత్రాలు వినడానికి అది చాలు.

ఓరుగల్లు పిల్ల: మరి డిస్కు మీద 120 నిమిషాలు అని అచ్చేసి ఉంటది కదా అన్నా?

మిక్సింగ్‌రూమ్: అది ఎస్పీ, అంటే స్టాండర్డ్ ప్లే మోడ్ లెక్క తల్లీ. డీవీడీ రికార్డర్లలో ఎక్స్‌పీ అంటే ఒక గంట, ఎస్పీ రెండు, ఎల్పీ నాలుగు, ఈపీ ఆరు. అదే డిస్కు, నాణ్యత వేరు.

డాలస్ బావగారు: ఎస్పీ, ఈపీ పేర్లు క్యాసెట్ల కాలంనాటివి. ఇక్కడ టీ-120 వీహెచ్‌ఎస్ క్యాసెట్ ఎస్పీలో రెండు గంటలు, ఈపీలో ఆరు గంటలు ఆడేది. ఈపీలో టేపు నిజంగానే నెమ్మదిగా కదిలేది. డిస్కులో నెమ్మదించేది ఏమీ లేదు, సెకనుకు ఇచ్చే బిట్లు తగ్గుతాయంతే. పేర్లు మాత్రం అవే ఉండిపోయాయి.

ఓరుగల్లు పిల్ల: మా దిక్కు ‘ఎక్కిచ్చుడు’ అంటరు. చిప్పుల పాటలు ఎక్కిచ్చుకున్న, డీవీడీల పెండ్లి ఎక్కిచ్చిన. క్యాసెట్ల కాలం నుంచి ఇదే మాట. దాన్నే పెట్టేయరాదా?

నిఘంటుప్రియ: బాగుంది, కోస్తాలోనూ ‘ఎక్కించడం’ ఉంది. కానీ అది రికార్డు చేయడం వరకే చెబుతుంది, సరిపోయేలా చేయడం అందులో రాదు. ‘ఇమడ్చడం’ చదివితే అర్థమవుతుంది గానీ నోట్లో ఆడదు. ‘కుక్కడం’ అంటే ముందే పాడుచేశామని ఒప్పుకున్నట్టు. నా ఓటు ‘సర్దడం’కి. పెట్టె సర్దుతాం, ఉన్న చోటులో ఉన్నవన్నీ పట్టేలా.

మిక్సింగ్‌రూమ్: మాస్టారూ, మేం చేసేది అక్షరాలా అదే! ‘టూ పాస్’ పద్ధతిలో సాఫ్ట్‌వేర్ మొదటిసారి వీడియో మొత్తం చూసి, ఎక్కడ ఎన్ని బిట్లు కావాలో లెక్కేసుకుంటుంది. రెండోసారి పంచుతుంది. చదివింపుల దగ్గర కెమెరా స్టాండు మీద కదలకుండా ఉంటుంది, అక్కడ బిట్లు మిగులుతాయి. వాటిని తలంబ్రాలకు ఇస్తుంది. తలంబ్రాలంత కష్టమైన సీను ఇంకోటి లేదు. వందల గింజలు ఒక్కోటి ఒక్కోవైపు ఎగురుతాయి, దానికితోడు ఫ్లాష్‌లు. డీవీడీలో వీడియో సైజు తగ్గించే పద్ధతి ఎంపెగ్-2. అది ముందు ఫ్రేములో ఉన్నదాన్ని జరిపి వాడుకుని బిట్లు ఆదా చేస్తుంది. ఇక్కడ వాడుకోవడానికి ఏమీ దొరకదు. బిట్లు చాలకపోతే పెళ్లికొడుకు మొహం గళ్లుగళ్లుగా విరిగిపోతుంది.

పాత వీహెచ్‌ఎస్ అయితే ఇంకో మాట. టేపు మీది గరగరకు (బొమ్మలో కదిలే చుక్కలకు) కూడా బిట్లు ఖర్చవుతాయి, ముందు దాన్ని కాస్త శుభ్రం చేయాలి. నాలుగు గంటలు తప్పదంటే బొమ్మను 720×576 చుక్కల బదులు 352×576 చుక్కల్లో పెట్టండి. వీహెచ్‌ఎస్‌లో అంతకు మించిన వివరం ఎలాగూ ఉండదు, గళ్లు తగ్గుతాయి, మామూలు ప్లేయర్లలో ఆడుతుంది.

డాలస్ బావగారు: 8.5 జీబీ డబుల్ లేయర్ (రెండు పొరల) డిస్కు వాడితే ఈ గొడవే ఉండదుగా? నాలుగు గంటలకూ సెకనుకు 47 లక్షలు వస్తాయి.

మిక్సింగ్‌రూమ్: వస్తాయి సార్. కానీ ఇంట్లో రైట్ చేసిన డబుల్ లేయర్ డిస్కులను కొన్ని పాత ప్లేయర్లు చదవవు. చూసేది అమ్మమ్మ గారి ప్లేయర్లో అయితే ముందు ఒకటి చేసి ఆడించి చూడండి.

పోస్టు రాసినవారు: అందరికీ ధన్యవాదాలు. ‘కుదించు’ తీసేశాను. సీన్లు తీసే చోట ‘కోయడం’ అనే ఉంచాను, ‘బిట్‌రేటు’ను (సెకనుకు ఇచ్చే బిట్లు) అలాగే వదిలేశాను. ఇప్పుడు ఇలా ఉంది:

“మామూలు డీవీడీలో మంచి నాణ్యతతో రెండు గంటల వీడియో పడుతుంది. ఏమీ కోయకుండా నాలుగు గంటల దాకా సర్దవచ్చు, కానీ బొమ్మ నాణ్యత తగ్గుతుంది. క్యాసెట్ ఎంతసేపు ఆడుతుందో, ఎక్కించడానికి కనీసం అంతసేపు పడుతుంది.”

మిక్సింగ్‌రూమ్: ఇంకో వాక్యం కలపండి మేడమ్: “వీలైతే రెండు డిస్కులు చేయించుకోండి, పెళ్లి ఒకదాంట్లో, రిసెప్షన్ ఒకదాంట్లో.” ఈ మాట మేం చెబితే బిల్లు పెంచడానికే అనుకుంటున్నారు.