సిబియూదా ‘సృష్టి గ్రంథం’: అక్వినాస్ చెప్పనిది ఇందులో ఏముంది?

ప్రశ్న
రామోన్ సిబియూదా (సెబోన్, సబుందె అన్నా ఈయనే) అనే కటలాన్ పండితుడు 1434–36 మధ్య తులూజ్‌లో ‘సృష్టి గ్రంథం’ రాశాడు. బైబిల్ సాక్ష్యం లేకుండానే దేవుణ్ణి నిరూపిస్తానన్నాడు. కానీ 13వ శతాబ్దంలోనే క్రైస్తవ వేదాంతి థామస్ అక్వినాస్ దేవుడున్నాడనడానికి తర్కంతో ఐదు మార్గాలు చూపించాడు కదా, ఇక ఈయన కొత్తగా చెప్పిందేమిటి? ఇంకో సందేహం: చర్చి నిషేధించిన పుస్తకాన్ని ఫ్రెంచి వ్యాసకర్త మోంతేన్ ఫ్రెంచిలోకి ఎలా తేగలిగాడు?

జవాబు 1
తేడా మొదటి అడుగులోనే ఉందండీ. అక్వినాస్ చలనం, కారణం వంటి అరిస్టాటిల్ పరిభాషతో మొదలుపెడతాడు. త్రిత్వం (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మగా ఉన్న ఒకే దేవుడు) మాత్రం తర్కానికి అందదనీ, దైవవాక్కు వల్లే తెలుస్తుందనీ గీత గీస్తాడు. సిబియూదా ఆ గీత దాటేసి త్రిత్వాన్నీ, మనిషి పతనాన్నీ, విమోచననూ అన్నిటినీ సృష్టిలోంచే చదవబోయాడు.

ఆయన వాదన ఒక నిచ్చెన. రాయికి ఉనికి మాత్రమే ఉంది. చెట్టుకు ఉనికితో పాటు ప్రాణం, జంతువుకు వాటిపైన ఇంద్రియజ్ఞానం. మనిషికి ఈ మూడూ ఉండగా వివేకం, స్వేచ్ఛ అదనం. వీటిలో ఏదీ తనకున్నది తానే సంపాదించుకోలేదు, కాబట్టి ఇచ్చినవాడొకడు ఉండాలి. కింది మూడు మెట్ల మీద ఎన్నో జాతులుంటే నాలుగో మెట్టు మీద మానవజాతి ఒక్కటే. అలా పైకి పోయేకొద్దీ అనేకం ఏకమవుతుంది గనక ఆ పైవాడు ఒక్కడే అంటాడు. (ఈ చివరి అడుగు నాకు బలహీనంగానే కనిపిస్తుంది.)

చదివేటప్పుడు చాలామంది నిచ్చెన దగ్గరే ఆగి, ‘ప్రకృతిని చూసి దేవుణ్ణి ఊహించడమే కదా’ అనేస్తారు. ఇక్కడ అసలు సాక్షి ప్రకృతి కాదు, మనిషి. మనిషికి తనకంటే దగ్గరి సాక్ష్యం లేదు. కానీ తన నుంచి తానే దూరమైపోయాడు గనక ఈ మెట్లెక్కి తన దగ్గరికి తిరిగి రావాలి.

జవాబు 2
నిషేధం సంగతి. 1559 నాటి రోమ్ నిషిద్ధ జాబితాలో పుస్తకం మొత్తం చేరింది. 1564 జాబితాలో ముందుమాట ఒక్కటే మిగిలింది. మోంతేన్ అనువాదం వచ్చింది 1569లో, అంటే అప్పటికి అడ్డు ముందుమాటకే.

అందులో అంత అభ్యంతరమేమిటంటే, ఈ విద్య మనిషికి కావలసిన సత్యమంతా తప్పు లేకుండా నేర్పుతుందట. వ్యాకరణం, తర్కం ముందుగా రానక్కర్లేదు, నెలలోపే పట్టుబడుతుందట. పైగా లేఖనాన్ని తప్పుగా వ్యాఖ్యానించవచ్చు గానీ ప్రకృతి గ్రంథాన్ని ఎవరూ చెరపలేరంటాడు. మోంతేన్ ఈ ధాటిని అనువాదంలో తగ్గించాడు.

మోంతేన్ వ్యాసాల్లోని ‘రెమోన్ సెబోన్‌కు సమర్థన’ను మాత్రం ఈ పుస్తకానికి సారాంశంగా చదవొద్దు. సెబోన్ వాదనలు బలహీనమన్నవాళ్లకు అక్కడ ఇచ్చిన జవాబు, ఏ మనిషి తర్కానికీ బలం లేదన్నది. దాంతో సెబోన్ కాళ్ల కింద నేల కూడా పోయింది.

ప్రశ్న అడిగినవారు
స్పష్టమైంది, ధన్యవాదాలు. మరి ‘మనిషికి మేలు చేసేదే నమ్మాలి’ అన్న నియమం కూడా సిబియూదాదేనా? మేలైనది నిజమే కానక్కర్లేదు కదా.

జవాబు 3
ఆయనదే, మీ అభ్యంతరమూ న్యాయమైనదే. ఆయన లెక్క ఇది: ప్రతి ప్రాణీ తనకున్న శక్తిని తన మేలుకే వాడుకుంటుంది. అవుననడం, కాదనడం మనిషికున్న శక్తి. కాబట్టి ఎదురెదురు మాటలు రెండు ఉన్నప్పుడు తనకు ఎక్కువ మేలూ ఆనందమూ ఇచ్చేదాన్నే మనిషి ఒప్పుకోవాలి. సృష్టి క్రమం మనిషిని మోసం చెయ్యదన్నది ఇందులో దాగిన ఆధారం. దాన్ని ఒప్పుకోనివాడికి ఈ నియమం పనికిరాదు. ఒప్పుకోవాలంటే నిచ్చెన వాదన ముందే నెగ్గి ఉండాలి, అందుకే అధ్యాయాల వరుస తప్పించి చదివితే ఇది గాలిలో తేలుతుంది.

ఇంకొకటి. ఈయన్ని అంతకుముందరి కటలాన్ తాత్వికుడు రామోన్ లల్ శిష్యుడని తేల్చేస్తుంటారు. ప్రభావం నిజమే, కానీ పని తీరు వేరు. సత్యాన్ని కనుక్కోవడానికి లల్ కట్టిన ‘కళ’ అనే పద్ధతిలో మూల భావనలకు గుర్తులుగా తొమ్మిది అక్షరాలు, వాటిని రెండేసి చొప్పున కలిపితే 36 గదులు, మూడేసి కలిపి చూడటానికి తిరిగే చక్రాలు. సిబియూదా అవేవీ తీసుకోలేదు. ఆయనకు ప్రతి జీవీ దేవుడు రాసిన అక్షరం, అందులో ముఖ్యమైనది మనిషి.