సూపర్ హీరో కామిక్‌కూ స్వతంత్ర కామిక్‌కూ ఒకే తక్కెడ ఉండవచ్చునా?

ఓరుగల్లు పాఠకుడు (హనుమకొండ)

మిత్రులారా, పోయిన ఆదివారం హనుమకొండలో మనం ఆరుగురం కలిసినప్పుడు రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టుకొని మాట్లాడుకున్నాము. ఒకటి 1966 నాటి అమేజింగ్ స్పైడర్ మ్యాన్ 33వ సంచిక, రెండవది అంబేడ్కర్ జీవితాన్ని బొమ్మల్లో చెబుతూ 2011లో నవయాన ప్రచురించిన భీమాయన. అందరి మార్కులూ కలిపి చూస్తే మొదటిదానికి పదికి తొమ్మిది, రెండవదానికి పదికి ఏడు వచ్చాయి. అప్పుడు కాజీపేట అన్న, ఈ తొమ్మిదీ ఈ ఏడూ ఒకే తక్కెడలో తూచినవి కావనీ, దేని జాతిలో దానికి వేసిన మార్కులనీ, రెండింటినీ ఎదురెదురుగా పెట్టి చూడడమే తప్పనీ అన్నాడు. చీకటి పడడంతో మాట అక్కడే ఆగిపోయింది. ఆ రోజు రాలేకపోయిన వారికి కూడా తెలియాలని ఇక్కడ మళ్ళీ మొదలుపెడుతున్నాను.

నా మటుకు నాకు తక్కెడ ఒకటే ఉండాలి. బొమ్మలను వరుసగా పేర్చి కథ చెప్పడమే రెండింటి పని. ఆ పని ఎంత బాగా జరిగిందో చూడాలి తప్ప, కథలో ఉన్నవాడు ముసుగు వేసుకున్నాడా లేదా అన్నది తర్వాతి సంగతి.

33వ సంచిక మొదటి పేజీలను గుర్తు చేసుకోండి. కూలిపడిన ఇనుప యంత్రం కింద స్పైడర్ మ్యాన్ ఇరుక్కొని ఉంటాడు. పై కప్పు నుంచి నీరు కారుతూ ఉంటుంది. తనను పెంచిన మే ఆంటీ ప్రాణం నిలబెట్టే మందు కళ్ళెదురుగానే పడి ఉన్నా చేతికి అందదు. చిత్రకారుడు స్టీవ్ డిట్కో మొదట అతణ్ణి చిన్న చిన్న గడుల్లో కుదించి చూపిస్తాడు. ఎత్తబోయి ఓడిపోవడం, తనను పెంచి చనిపోయిన అంకుల్ బెన్ గుర్తుకు రావడం, మళ్ళీ ఎత్తబోవడం ఒక్కొక్కటిగా సాగుతుంటే గడులు క్రమంగా పెద్దవవుతాయి. చివరకు పేజీ తిప్పగానే నిండు పేజీలో ఆ యంత్రం పైకి లేచిపోతుంది. మాటలన్నీ చెరిపేసి చూసినా బరువు మన భుజాల మీదనే ఉన్నట్టు తోస్తుంది.

ఇక భీమాయన. గోండు చిత్రకారులైన దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ దంపతులు మనుషులను గడుల్లో బిగించడానికి ఒప్పుకోలేదు, పెట్టెల్లో పెడితే వాళ్ళకు ఊపిరి ఆడదన్నది వారి భావన. అందుకే గడులకు బదులు, తమ ఇళ్ళ గోడల మీద వేసుకునే దిగ్నా ముగ్గుల వరసలతోనే పేజీని విభజించారు. మంచి మాట చెప్పేవారి మాటల బుడగ పక్షి ఆకారంలో ఉంటుంది, విషం కక్కే మాటకు తేలు కొండి ఉంటుంది, మనసులో అనుకునే మాటకు ఒక కన్ను ఉంటుంది. బడిలో బాలుడు అంబేడ్కర్‌కు నీళ్ళు దొరకని పేజీల నుంచి 1927లో మహద్ చెరువు సత్యాగ్రహం దాకా నీరే ఆ పుస్తకాన్ని నడిపిస్తుంది. నేను ఏడు వేసింది కథను అల్లిన తీరుకు. బస్టాపులో ఇద్దరు మాట్లాడుకునే చట్రంలో సమాచారం ఎక్కువై, బొమ్మ చెప్పగలిగిన చోట కూడా మాటే ముందుకు వస్తున్నది.

రెండు పుస్తకాలనూ నేను అడిగింది ఒకే ప్రశ్న: పేజీ తన పని చేసిందా? తక్కెడ రెండు కావాలనేవారు ఏ ప్రశ్న వేరుగా అడుగుతారో చెప్పాలి.

కాజీపేట జంక్షన్

తమ్ముడూ, నువ్వు చూపించిన పేజీ గొప్పదే, అందులో నాకు భేదం లేదు. అయితే నువ్వు పుస్తకాన్ని వదిలి పేజీని తూచావు.

భీమాయన మొదలై ముగిసిన పుస్తకం. స్పైడర్ మ్యాన్ 1962 ఆగస్టు సంచికలో మొదలై నేటికీ ముగియని వ్యాపారం. 33వ సంచికలో అతడు ఎత్తిన బరువు 34వ సంచికకు మిగలదు. 1992లో సూపర్ మ్యాన్ చనిపోయినప్పుడు ఆ సంచిక కోసం అమెరికాలో దుకాణాల ముందు జనం వరుసలు కట్టారు, మరుసటి ఏడాదికల్లా అతడు తిరిగి వచ్చాడు. చావుకే విలువ లేని కథను, చావును ఎదుర్కొన్న మనుషుల కథతో కలిపి ఎలా తూచగలం? ఆర్ట్ స్పీగెల్‌మన్ తన తండ్రి నాజీల శిబిరాల నుంచి బతికి బయటపడిన వైనాన్ని మౌస్ అనే కామిక్‌గా మలచడానికి పదేళ్ళకు పైగా పట్టింది. 1992లో దానికి పులిట్జర్ ప్రత్యేక పురస్కారం వచ్చింది. నెలనెలా ఠంచనుగా రావలసిన సంచికను ఒకరు రాసి, మరొకరు పెన్సిల్‌తో గీసి, ఇంకొకరు ఇంకు దిద్ది, వేరొకరు రంగు వేసి, ఎడిటర్ కత్తిరించి పంపుతారు. ఆ పనిలోనూ గొప్పతనం ఉన్నది, కానీ అది వేరే గొప్పతనం.

మన ఊళ్ళ మాటే చెబుతాను. బతుకమ్మ పాటనూ కాళోజీ కవితనూ ఒకే తక్కెడలో పెడతామా? ఏటేటా అదే పాటను ఆడవాళ్ళు చప్పట్లు కొడుతూ తిరిగి పాడుతారు, పాత చరణం పోయి కొత్త చరణం వస్తుంది, అయినా అది అదే పాట. కాళోజీ కవితలో ఒక్క మాట మార్చడానికి మనకు హక్కు లేదు. రెండూ మనకు ప్రాణమే, కానీ కొలిచే తీరు వేరు. సూపర్ హీరో కథ బతుకమ్మ పాట జాతిది.

కొత్తవాడ మగ్గం

అన్నా, బతుకమ్మ పోలిక బాగున్నది గాని పూర్తిగా అతకదు. బతుకమ్మ పాటకు యజమాని లేడు. సూపర్ మ్యాన్‌కు యజమాని ఉన్నాడు.

1938లో జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు యువకులు సూపర్ మ్యాన్ హక్కులన్నింటినీ ప్రచురణ సంస్థకు 130 డాలర్లకు రాసిచ్చేశారు. 1975లో, సినిమా రాబోతున్న సమయంలో, వారి దీనస్థితి పత్రికలకెక్కిన తర్వాతనే సంస్థ వారికి ఏటా కొంత మొత్తం ఇవ్వడానికీ, సృష్టికర్తలుగా పేర్లు వేయడానికీ ఒప్పుకున్నది. 1939లో వచ్చిన బ్యాట్ మ్యాన్‌ను తీర్చిదిద్దడంలో సగం చెయ్యి బిల్ ఫింగర్‌ది. అతని పేరు అధికారికంగా పడింది 2015లో, అతడు కన్నుమూసి నలభై ఏళ్ళు దాటిన తర్వాత. సమీక్ష రాసేటప్పుడు ఈ లెక్క మీ ఇద్దరి తక్కెడలోనూ లేదు.

అయితే దీనికి ఎదురు వచ్చే సంగతి కూడా నేనే చెప్పాలి, ఎందుకంటే అది మా ఇంటి సంగతి. మేము పద్మశాలీలము. నా చిన్నప్పుడు, పటం చూపి కథ చెప్పే కూనపులి వాళ్ళు వచ్చి మా వాడలో మార్కండేయ పురాణం పటం కట్టేవారు. ఎర్రటి నేల మీద వేసిన బొమ్మలు, అడ్డంగా గీసిన పూల అంచులతో ఒక్కొక్క ఘట్టం వేరు చేసి, మూరల పొడవున చుట్టి ఉండేవి. కథకుడు పుల్లతో బొమ్మను తాకుతూ పాడి, ఘట్టం అయిపోగానే పటాన్ని కొంచెం విప్పేవాడు. ముందు ఏం వస్తుందో కనబడకుండా చుట్టలోనే దాగి ఉండేది. డిట్కో పేజీ తిప్పించి చేసిన పని అదే, తమ్ముడూ. ఆ పటాలు వేసింది చేర్యాల నకాషీలు. ఖద్దరు బట్టకు చింతగింజల అంబలి, సుద్ద, బంక పట్టించి, అది ఆరిన తర్వాత బొమ్మ ఎత్తుకునేవారు. కథ మా కులానిది, పటం కూనపులి వాళ్ళది, బొమ్మ నకాషీది. కానీ నేను చూసిన పటం మీద బొమ్మ వేసిన చేతి పేరు ఎక్కడా లేదు. మా తాతకు కూడా అది లోటుగా తోచలేదు.

మరి మా పటం మీద పేరు లేకపోవడం అన్యాయం కాదని అంటూ, బిల్ ఫింగర్ పేరు లేకపోవడం మాత్రం అన్యాయం అనడం ఎలా కుదురుతుంది? నాకు ఇంకా తేలలేదు.

జనగామ పంతులు

అక్కా, మీ ప్రశ్న పెద్దది, దాని జోలికి నేను పోను. నేను చూసినది ఒకటి చెబుతాను. తొమ్మిదవ తరగతి పిల్లలకు ఆ స్పైడర్ మ్యాన్ పేజీల నకలు తీసి, ఇంగ్లీషు మాటల మీద తెల్ల కాగితం అంటించి ఇచ్చాను. ఎవరు ఎక్కడ ఇరుక్కున్నారో, ఎందుకు ఆరాటపడుతున్నారో దాదాపు అందరూ సరిగ్గానే చెప్పారు. భీమాయన పేజీ ఇస్తే కొంత తడబడ్డారు, ఎందుకంటే ఎటు నుంచి ఎటు చదవాలో వెంటనే దొరకదు. కానీ తేలు కొండి ఉన్న బుడగను చూడగానే వెనుక బెంచీలో ఉన్న ఒక అమ్మాయి "వీడు తిడుతున్నడు సార్" అన్నది. ఒక పేజీ దారి చూపించి నడిపించింది, ఇంకొకటి దారి వెతికించింది. సూపర్ హీరోనా కాదా అన్నదాని కన్నా ఈ తేడాయే నాకు ముఖ్యంగా కనబడుతున్నది.

ఓరుగల్లు పాఠకుడు (హనుమకొండ)

అక్క చెప్పిన తర్వాత నా మొదటి మాటలోని లోపం నాకు తెలిసింది. మనం సూపర్ హీరో, స్వతంత్రం అన్న రెండు మాటలనూ ఎదురెదురుగా నిలబెట్టాము, కానీ అవి ఎదురెదురు మాటలే కావు. సూపర్ హీరో అన్నది కథ రకం, స్వతంత్రం అన్నది హక్కు ఎవరిదన్న సంగతి. 1992లో స్పైడర్ మ్యాన్‌ను ప్రచురించే మార్వెల్‌కు గీస్తున్న ఏడుగురు పేరున్న చిత్రకారులు బయటకు వచ్చి ఇమేజ్ కామిక్స్ పెట్టుకున్నారు. వారు మొదట గీసినవి కూడా కండలు తిరిగిన సూపర్ హీరోలనే. మారింది హక్కు ఒక్కటే: టాడ్ మెక్‌ఫార్లేన్ సృష్టించిన స్పాన్ మెక్‌ఫార్లేన్‌దే. 1984లో కెవిన్ ఈస్ట్‌మన్, పీటర్ లెయిర్డ్ తామే పూనుకొని నలుపు తెలుపుల్లో అచ్చు వేసుకున్న నింజా తాబేళ్ళను సూపర్ హీరో అనాలా, స్వతంత్రం అనాలా? రెండూ అనాలి. కాబట్టి కాజీపేట అన్న చెప్పే రెండు జాతులు అంత సులభంగా వేరుపడవు.

పటం సంగతికి వస్తే, అక్కా, నాకు తోచింది ఇది. నకాషీ ఒక పటం వేస్తే ఒక పటానికి కూలి అందుతుంది. ఆ పటం నుంచి ఇంకో వెయ్యి పటాలు పుట్టవు, ఇంకొకటి కావాలంటే మళ్ళీ నకాషీ ఇంటికే పోవాలి. అచ్చుయంత్రం వచ్చాక ఒకసారి గీసిన బొమ్మ లక్షల ప్రతులై, ఆపైన బొమ్మలై, చొక్కాలై, సినిమాలై డబ్బు కాస్తూనే ఉంటుంది, గీసినవాడికి మాత్రం ఆ ఒక్కనాటి కూలే మిగులుతుంది. పటం మీద పేరు లేకపోయినా ఆ చేతికి పని తప్పలేదు. అచ్చులో పేరు లేకపోతే మనిషే లేకుండా పోతాడు.

ఇది అమెరికా వారి తప్పు మాత్రమే కాదు. 1947లో మొదలైన చందమామలో చిత్రా, శంకర్, వపా సంతకాలు బొమ్మ మూలన మనమంతా చూసినవే. ఆ సంతకాలను బట్టే ఏ బొమ్మ ఎవరిదో గుర్తుపట్టేవాళ్ళము. కానీ తోకచుక్క, రాకాసిలోయ వంటి సీరియళ్ళు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారి పేరు ఆ సీరియళ్ళ మీద పడలేదు. ఆ సీరియల్ చదివి నిద్రపోని పిల్లలకు రాసింది ఎవరో తెలియకుండానే ఏళ్ళు గడిచాయి. నాకు ఈ సంగతి తెలిసిన రోజు నిజంగా బాధ కలిగింది.

అందుకని తక్కెడ ఒకటే అన్న మాట మీదనే ఉంటూ, అందులో ఇంకో రాయి వేస్తున్నాను. మన సమీక్షలో రాసినవారి పేరు, గీసినవారి పేరు, ఇంకు దిద్దినవారి పేరు మొదటి వాక్యంలోనే ఉండాలి, హక్కు ఎవరిదో కూడా చెప్పాలి. మార్కులకు దానితో సంబంధం ఉండకూడదు. పేజీ బాగుంటే బాగున్నట్టే. అయితే ఆ పేజీ ఎవరి చేతిదో చెప్పకుండా బాగున్నదనడం అరకొర సమీక్ష. పోయిన ఆదివారం నేను కాగితం మీద "మార్వెల్, 9" అని మాత్రమే రాశాను. డిట్కో పేరు రాయలేదు. అది దిద్దుకుంటాను.

కాజీపేట జంక్షన్

పేర్ల విషయంలో ఒప్పుకుంటున్నాను. నిజానికి నేను కూడా చిన్నప్పుడు నాగ్‌రాజ్ కామిక్స్ చదివి రాజ్ కామిక్స్ అన్న ప్రచురణ సంస్థ పేరే గుర్తుపెట్టుకున్నాను. అందులో మొదట్లో బొమ్మలు వేసిన ప్రతాప్ ములిక్ అమర్ చిత్ర కథకు కూడా ఎన్నో పుస్తకాలు గీశాడని చాలా కాలానికి తెలిసింది. అది తెలిశాక పాత పుస్తకాలు తీసి చూస్తే ఆ చెయ్యి రెండింటిలోనూ స్పష్టంగా కనబడింది.

కానీ ముగింపు లేని కథ సంగతి నువ్వు దాటవేశావు, తమ్ముడూ. హక్కు ఎవరిదైనా, ముగియని కథలో జరిగినదానికి బరువు ఉండదు. దానికి జవాబు రాలేదు.

కొత్తవాడ మగ్గం

అన్నా, దానికి నేను ఒక పుస్తకం చూపిస్తాను. ఆ 1992లోనే ఇమేజ్‌లో ఎరిక్ లార్సెన్ మొదలుపెట్టిన సావేజ్ డ్రాగన్. అది పక్కా సూపర్ హీరో కామిక్, పచ్చటి ఒళ్ళు, తల మీద చేప రెక్క లాంటి రెక్కతో సహా. హక్కు లార్సెన్‌ది, రాసేదీ గీసేదీ కూడా లార్సెనే. అందులో కాలం మన కాలంతో పాటే నడుస్తుంది. పాత్రలకు వయసు వస్తుంది, పిల్లలు పుడతారు, ఆ పిల్లలు పెద్దవాళ్ళవుతారు. డ్రాగన్ తర్వాత కథ అతని కొడుకు మాల్కమ్ చేతికి వచ్చింది. ముగింపు లేకపోయినా బరువు ఉన్న కథ అది. బరువు పోగొట్టేది ముసుగు కాదు, పాత్ర ఎన్నటికీ ముసలిది కాకుండా అమ్ముడుపోతూ ఉండాలన్న యజమాని అవసరం అని నాకు అనిపిస్తున్నది. పటం విషయంలో తమ్ముడు చెప్పిన జవాబు సగం ఒప్పుకుంటున్నాను, మిగతా సగం మా మేనమామను అడిగి వచ్చి చెబుతాను.

కాజీపేట జంక్షన్

ఆ పుస్తకం నేను చదవలేదు, అక్కా. ఉంటే మొదటి సంపుటం ఆదివారం తీసుకురండి. చదవకుండా మార్కు వేయను, వాదన కూడా అప్పటిదాకా ఆపుతాను. భీమాయన కూడా మళ్ళీ తెండి. జనగామ పంతులు గారి క్లాసులో ఆ అమ్మాయి చదివిన పేజీని నేను మాటల కోసం తొందరపడి దాటేశాను, ఈసారి నిదానంగా చూడాలి.