వసంతంలో పిల్లలతో లండన్ మేలా, పారిస్ మేలా?

ఏప్రిల్‌లో బడి సెలవులకు మూడు రాత్రులు ఏదైనా నగరంలో గడపాలనుకుంటున్నాం. పాపకు 9 ఏళ్లు, బాబుకు 4. ఖర్చు మాత్రం అదుపులో ఉండాలి. నాకైతే లండన్ వైపే మొగ్గు: నేచురల్ హిస్టరీ మ్యూజియం, సైన్స్ మ్యూజియం రెండింటికీ ప్రవేశం ఉచితం, పైగా పక్కపక్కనే ఉన్నాయి. 11 ఏళ్లలోపు పిల్లలకు బస్సుల్లో టికెట్ అక్కర్లేదు, పెద్దవాళ్లతో కలిసి వెళితే భూగర్భ రైళ్లలోనూ అంతే. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం కూడా 18 ఏళ్లలోపు వారికి ఉచితమే. కానీ మావాడు బొమ్మల పటాల ముందు పది నిమిషాలు నిలబడితే గొప్ప. వాడికి డైనోసార్ ఎముకలు కావాలి!

అసలు చిక్కంతా బస దగ్గరే. ఈస్టర్ రోజుల్లో గదుల అద్దెలు మండిపోతాయి కదా. నగరం అంచున వంటగది ఉన్న బస తీసుకుని రోజూ రైల్లో రావడం నయమా, నడిబొడ్డున ఇరుకు గదిలోనే సర్దుకోవడం నయమా? అద్దెలో మిగిలింది కాస్తా రైలు ఛార్జీలకూ పిల్లల పేచీలకూ సరిపోతుందేమోనని నా అనుమానం. స్ట్రోలర్‌తో భూగర్భ స్టేషన్ల మెట్లు ఎక్కి దిగడం కంటే బస్సులనే నమ్ముకోవచ్చా? ఈమధ్య చిన్నపిల్లలతో వెళ్లివచ్చినవారు, ఏ ప్రాంతంలో దిగారో కూడా చెబితే మేలు చేసినవారవుతారు.