మార్కుల్ని బట్టి సెక్షన్లు విడగొట్టడం సరైనదేనా?

లెక్కల పంతులు:
చాలా హైస్కూళ్లలో ఎస్ఏ-1 (ఏడాదిలో మొదటి సమ్మేటివ్ పరీక్ష) మార్కులు చూసి ఎనిమిదో తరగతిని ఏ, బి సెక్షన్లు చేస్తున్నారు. నాకిందులో తప్పు కనబడదు. భిన్నాల కూడికే రాని పిల్లాణ్ణి బీజగణితం క్లాసులో కూర్చోబెడితే ఆ పీరియడ్ వాడికి వృథా.

పలకా బలపం:
సార్, స్థాయిని బట్టి చెప్పడం వేరు, సెక్షనే మార్చేయడం వేరు. పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ పద్ధతిలోనూ స్థాయిని బట్టే కూర్చోబెడతారు. కానీ రోజుకు గంటో రెండు గంటలో, అదీ చదవడం, లెక్కల వరకే. మధ్యమధ్యలో పరీక్షించి గ్రూపు మారుస్తారు. సెక్షన్ అలా కాదు, ఏడాదంతా వదలదు. పైగా మొత్తం మార్కులు చూసి విడగొడతారు కదా: 1/2 + 1/3 = 2/5 అని రాసినవాడూ, ఇంగ్లిష్‌లో ప్రశ్న అర్థంకాక ఖాళీ వదిలినవాడూ, పత్తి ఏరడానికెళ్లి బడి మానిన పిల్లా, అందరూ బి సెక్షన్‌లోనే పడతారు. వాళ్లకు కావలసింది ఒకటి కాదు.

లెక్కల పంతులు:
కలిపి కూర్చోబెడితే మాత్రం? చేతులెత్తే అయిదారుగురే జవాబు చెబుతారు. పక్కన బాగా చదివే పిల్లను కూర్చోబెడితే లెక్కంతా ఆమే చేసేస్తుంది.

పలకా బలపం:
అది మనం అడిగే తీరులో ఉంది. పేరు ముందే పిలిస్తే మిగతావాళ్లు ఆలోచించడం మానేస్తారు. ముందు ప్రశ్న, అయిదు సెకన్లు ఆగడం, పక్కవాళ్లతో అర నిమిషం మాట, ఆ తర్వాతే పేరు. జవాబు పలక మీద రాయించి అందరిచేతా ఒకేసారి ఎత్తించండి. 2/5 ఎన్ని పలకల మీదుందో ఒక్క చూపులో తెలుస్తుంది. ఎవరు రాశారో చెప్పకుండా దాన్ని బోర్డు మీద వేసి, ‘సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తగ్గుతుందా?’ అనండి. తర్వాత కాగితం పట్టీని 6 సమాన భాగాలుగా మడిపించండి. సగమంటే 3, మూడో వంతంటే 2, కలిపితే 5/6. క.సా.గు. ఎందుకో అప్పుడు చెబితే ఎక్కుతుంది.

జంటలో పెన్ను లెక్క రానివాడి చేతిలోనే ఉండాలి. వచ్చినవాళ్లు నోటితో చెప్పాలి, చెయ్యి వెయ్యకూడదు. యూనిట్ మారినప్పుడల్లా జంటా మారాలి.

లెక్కల పంతులు:
పలకల సంగతి ఒప్పుకుంటాను. కానీ ఇలా చెబితే సిలబస్ పూర్తికాదు మేడమ్.

పలకా బలపం:
నిజమే, అన్ని పాఠాలకూ కుదరదు. పునాది అంశాలకు చేస్తే చాలు. మిగిలినదానికి సాయంత్రం గంట స్టడీ అవర్ పెట్టండి. నోటీసు బోర్డు మీద పిల్లల పేర్లు వద్దు, ‘ఈ వారం భిన్నాలు’ అని అంశం రాయండి, కావలసినవాళ్లు ఎవరైనా వస్తారు. ‘డల్ బ్యాచ్’ అన్న మాట స్టాఫ్ రూమ్‌లో కూడా వినబడకూడదు. విద్యాహక్కు చట్టం, 2009 కొట్టడాన్నే కాదు, మానసిక వేధింపునూ నిషేధించింది. శనివారం 5 లెక్కల స్లిప్ టెస్ట్ పెట్టండి. 4 చేసినవాళ్లు మరుసటి వారం వేరే అంశానికి మారొచ్చు.