డెస్టినీకి చూపు లేకపోవడం కథకు అవసరమా, అలంకారమా?

సిరాబుడ్డి:
ఎక్స్-మెన్ కామిక్స్ (పుట్టుకతో వింత శక్తులున్న మ్యూటెంట్ల కథలు) చదివేవాళ్ళు ఇక్కడ ఎంతమంది ఉన్నారో గానీ, ఈ విషయం ఎవరితోనైనా తేల్చుకోవాలని నాకు చాలా రోజులుగా ఉంది. డెస్టినీ గురించి. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. అసలు పేరు ఐరీన్ ఆడ్లర్. క్రిస్ క్లేర్‌మాంట్, జాన్ బర్న్ పుట్టించిన పాత్ర. 1981 జనవరి తేదీతో వచ్చిన 141వ సంచికలో మొదట కనిపిస్తుంది. రూపాలు మార్చే మిస్టీక్ నడిపే ముఠాలో మనిషి. పెద్దావిడ. చూపు లేదు. కానీ జరగడానికి వీలున్నవి ఆమెకు ముందే తెలుస్తాయి. ఒకే ఒక్క భవిష్యత్తు కాదు, చీలిపోయే దారులు ఎన్నో. దగ్గరవి తేటగా, దూరానివి మసగ్గా.

నా వాదన సూటిగా చెప్తాను. ఆమెకు చూపు లేదన్నది పేరుకే. 142వ సంచికలో సెనేటర్ కెల్లీని చంపడానికి క్రాస్‌బో ఎక్కుపెట్టేది ఈవిడే. అతను మరుక్షణం ఎక్కడుంటాడో తెలిసినప్పుడు గురి చూడటానికి కళ్ళెందుకు? 1964లో డేర్‌డెవిల్‌తో మొదలైన పద్ధతే ఇది. కళ్ళు తీసేస్తారు, బదులుగా అంతకంటే గొప్పది ఇస్తారు. లోటును శక్తి పూడ్చేసినప్పుడు ఇక ఆ లోటు కథలో ఎందుకున్నట్టు? ముసుగుకు కళ్ళ దగ్గర కన్నాలు లేకుండా గీయడానికా?

కృష్ణాతీరం:
మీరు ఒక్క డెస్టినీ దగ్గరే ఆగిపోయారు. నాకు కోపం వచ్చేది వరస చూసినప్పుడు. 1980లో స్పైడర్‌మ్యాన్ కామిక్‌లో మేడమ్ వెబ్. చూపు లేని ముసలావిడ, జరగబోయేది చెప్తుంది. కొద్ది నెలలకే డెస్టినీ. 2005లో అస్టానిషింగ్ ఎక్స్-మెన్‌లో బ్లైండ్‌ఫోల్డ్, అంటే రూత్ ఆల్డిన్. ఆ పిల్లకైతే కనుగుడ్లే లేవు, కళ్ళకు గంతలు కట్టుకుని తిరుగుతుంది. ముగ్గురూ ఆడవాళ్ళే, ముగ్గురూ మార్వెల్ వాళ్ళే, ముగ్గురికీ అదే శక్తి. గ్రీకు కథల్లో టైరీసియస్ ఉన్నాడు, అంధుడైన జోస్యుడు. ఆ అచ్చులోనే పోస్తూ పోయారు.

మన భారతంలో ఇది ఎంత వేరుగా ఉందో చూడండి. యుద్ధానికి ముందు వ్యాసుడు వచ్చి ధృతరాష్ట్రుడికే దివ్యదృష్టి ఇస్తానంటాడు. ఆయన వద్దంటాడు. నా వాళ్ళు చావడం కళ్ళతో చూడలేను, ఎవరైనా చెప్తే వింటానంటాడు. దాంతో ఆ వరం సంజయుడికి వెళ్ళింది. చూపు లేనివాడికి ఇంకో చూపు వస్తుందంటే కాదనుకునే హక్కు అక్కడ ఉంది. ఐరీన్‌ని ఎవరడిగారు?

పాతసంచికలు:
కృష్ణాతీరం గారూ, ఆ చివరి ప్రశ్నకు కామిక్స్‌లోనే జవాబు ఉంది, కాస్త ఆలస్యంగా వచ్చింది. 2001లో మొదలైన ఎక్స్‌ట్రీమ్ ఎక్స్-మెన్‌లో క్లేర్‌మాంటే ఆమె డైరీల కథ ఎత్తుకున్నాడు. శక్తి మేలుకున్న కొత్తలో ఐరీన్ తనకు కనబడుతున్నదంతా ఏడాది పైచిలుకు ఆగకుండా రాసింది. పదమూడు సంపుటాలు. ఆ రాత ముగిసేసరికి చూపు పోయింది. అంటే సిరాబుడ్డి గారు చెప్పినట్టు లోటు ముందు, శక్తి తర్వాత కాదు. శక్తే ముందు. చూపు దానికి కట్టిన వెల.

ఇంకో సంగతి. రాసింది తనే అయినా ఆ పుస్తకాలు తను చదువుకోలేదు. అందులోని చిక్కులు విప్పడానికి సాయం వెతుక్కుంటే దొరికిన మనిషి రేవెన్, అదే మిస్టీక్. ఇద్దరూ కలిసి బతికారు, రోగ్ అనే మ్యూటెంట్ పిల్లను కూతురిలా పెంచారు. వాళ్ళది స్నేహం మాత్రమే కాదని బయటికి చెప్పడానికి అప్పటి కామిక్స్ నియమావళి ఒప్పుకోలేదు, క్లేర్‌మాంట్ సూచనగానే రాయాల్సి వచ్చింది. ఎక్స్-మెన్‌లోని నైట్‌క్రాలర్‌ని కన్నది ఐరీనే అని, తండ్రి రూపం మార్చుకున్న మిస్టీక్ అని 2023లో గానీ కథలో తేల్చలేదు. నలభై ఏళ్ళు పట్టింది. నాకు ఈ పాత్రలో అన్నిటికంటే విలువైనది అదే. అన్నీ ముందే తెలిసినావిడకు తను రాసింది చదివిపెట్టడానికి ఒక మనిషి కావాల్సివచ్చింది.

మ్యాట్నీషో:
నేను సినిమాలే చూశాను, తప్పయితే దిద్దండి. 2014 సినిమాలో హత్యకు వెళ్ళేది మిస్టీక్, ఈ డెస్టినీ అసలు కనబడదు. కామిక్‌లో కెల్లీని చంపడం వల్లే కదా ఆ ఘోరమైన భవిష్యత్తు వస్తుంది? మ్యూటెంట్లను శిబిరాల్లో పెట్టడం, వాళ్ళను వేటాడే సెంటినెల్ యంత్రాల రాజ్యం? మరి అన్నీ తెలిసినావిడ ఆ క్రాస్‌బో ఎందుకు పట్టుకున్నట్టు?

పాతసంచికలు:
ఇది అసలైన ప్రశ్న తమ్ముడూ. ఆ కథలో 2013 నుంచి ఎక్స్-మెన్‌లో ఒకరైన కేట్ ప్రైడ్ మనసు వెనక్కి, 1980లో ఉన్న తన చిన్నప్పటి ఒంట్లోకి వస్తుంది. ఆ హత్యను ఆపడానికే వస్తుంది. ఆఖరికి డెస్టినీ గురి తప్పించేది కూడా ఆమే. అంటే ఒకవైపు భవిష్యత్తు చూసే మనిషి, ఇంకోవైపు భవిష్యత్తులో బతికి వచ్చిన మనిషి. గెలిచింది రెండో మనిషి. నేను అర్థం చేసుకున్నది ఇంతే: దూరానిది మసగ్గా ఉంటుందని మొదటే చెప్పారు కదా, ఐరీన్‌కి సెనేటర్ గుండె ఎక్కడుందో తేటగా కనిపించింది, ముప్పయ్యేళ్ళ తర్వాత శిబిరాలు కనిపించలేదు.

సిరాబుడ్డి:
అలాగైతే 2019లో వచ్చిన హౌస్ ఆఫ్ ఎక్స్ సంగతేమిటండీ? మోయిరా చచ్చి మళ్ళీ మొదటి నుంచి పుట్టే మ్యూటెంట్. మూడో జన్మలో మ్యూటెంట్ల శక్తి పోగొట్టే మందు తయారుచేస్తుంది. డెస్టినీ వచ్చి, నీకు పది జన్మలున్నాయి, చివర్లో సరైన దారి పడితే పదకొండు కావచ్చు అని చెప్పి, ఆ బాధ గుర్తుండిపోవాలని ఆమెను మెల్లగా తగలబెట్టిస్తుంది. అక్కడ జన్మజన్మల దూరం కూడా తేటగానే కనబడిందే. ఏ రచయితకు ఏది కావాలంటే అది కనిపిస్తుంది, ఏది వద్దంటే అది మసకేస్తుంది. నా మొదటి మాటకు ఇది బలమే గానీ దెబ్బ కాదు.

తెల్లకర్ర:
ఇప్పటిదాకా చదువుతూ ఉన్నాను, ఇక రాయాలనిపించింది. నాకు పదకొండో ఏట చూపు పోయింది. అప్పటిదాకా కామిక్స్ బొమ్మలు చూసినదాన్నే కాబట్టి ప్యానెల్ అంటే ఏమిటో తెలుసు. ఇప్పుడు ఫోన్లో కామిక్ తెరిస్తే స్క్రీన్ రీడర్ "పేజీ నాలుగు, చిత్రం" అని ఊరుకుంటుంది. మా తమ్ముడు పక్కన కూర్చుని ఒక్కో గడిలో ఏముందో చెప్తాడు. వాడి గొంతులోనే నాకు ఎక్స్-మెన్ తెలుసు. పాతసంచికలు గారు రేవెన్ చదివిపెట్టిందని రాసిన చోట కాసేపు ఆగిపోయాను.

సిరాబుడ్డి గారూ, మీరు "లోటును శక్తి పూడ్చేసింది" అన్నారు. మీ మీద కోపం లేదు, కానీ ఆ మాట నాకు ఒప్పుకోబుద్ధి కావట్లేదు. నేను రోజూ ఎలా నడుస్తానో చెప్తాను. కర్ర కొన నా కాలికంటే ఒక అంగ ముందుంటుంది. సిమెంటు మీద టకటకమంటుంది. డ్రైనేజీ మూత తగిలితే కణకణ మోగుతుంది. మట్టయితే మెత్తగా దిగుతుంది. కాలు పడేలోపే కాలు ఎక్కడ పడబోతోందో నా చేతికి తెలుస్తుంది. మా సందు చివర టిఫిన్ బండి ఉంది. నూనె కాగే వాసన వచ్చిందంటే ఇంకో పది అడుగుల్లో మలుపు. బస్సు గేరు మార్చిన చప్పుడు వింటే ఆగబోతోందా వెళ్ళిపోతోందా చెప్పగలను. ఇవన్నీ జరగబోయేవే. నాకు తెలిసిన భవిష్యత్తు పొడవు ఒక అంగ, మహా అయితే పది అడుగులు. అందులోనూ తప్పుతుంది. బండివాడు ఒకరోజు రాకపోతే మలుపు దాటిపోతాను.

దీన్ని లోటు పూడటం అనరు. నడక అంటారు. దగ్గరది తేటగా, దూరానిది మసగ్గా అనే నియమం పెట్టింది ఎవరో గానీ, చూపు లేని మనిషి వీధిలో ఎలా ఉంటుందో వాళ్ళకు తెలిసుండాలి, లేదా అనుకోకుండా దొరికిందైనా అయ్యుండాలి. డెస్టినీ గదిలో నడిచేటప్పుడు కుర్చీ ఎక్కడుందో ఆమెకు "కనబడదు". ఇంకో క్షణానికి తన మోకాలికి అది తగలబోతోందని తెలుస్తుంది, పక్కకు జరుగుతుంది. తమ్ముడు ఇది వివరించినప్పుడు నేను నవ్వాను, ఎందుకంటే అది నా కర్రే.

నా ఫిర్యాదు వేరే ఉంది. మీరు చెప్పిన ఆ మోయిరా కథలాంటి చోట్ల ఈ దగ్గరి సంగతి పూర్తిగా మర్చిపోతారు. డెస్టినీని ఎత్తైన కుర్చీలో కూర్చోబెట్టి యుగాల గురించి మాట్లాడిస్తారు. ఒక్క గుమ్మం దాటించరు, ఒక్క మెట్టు దిగనివ్వరు. చూపు లేదని గుర్తొచ్చేది బంగారు ముసుగు గీసేటప్పుడే. ఆ ముసుగు విషయంలో మాత్రం మీ మాటే నా మాట.

కృష్ణాతీరం:
తెల్లకర్ర గారూ, ఆ "ఒక అంగ" మాట చదివాక నేను రాసిన వరసను మళ్ళీ చూసుకున్నాను. డెస్టినీని ఆ అచ్చులోంచి సగం బయటికి తీస్తాను. పూర్తిగా తీయలేను. కారణం రూత్. ఆ పిల్ల మాటకు ముందో వెనకో క్షమించండి అనీ, ధన్యవాదాలనీ అంటూనే ఉంటుంది, తనకు తెలిసినదానికి తనే అపరాధి అయినట్టు. 2019లో ఆమె తన ప్రాణం తనే తీసుకున్నట్టు రాశారు. ఆ తర్వాత క్రకోవా దీవి కథలు వచ్చాయి. చనిపోయిన మ్యూటెంట్లనందరినీ బతికిస్తారు అక్కడ. కానీ భవిష్యత్తు తెలిసినవాళ్ళను మాత్రం బతికించకూడదని లోపల్లోపల నియమం, మోయిరా పెట్టించింది. ఐరీన్ బయటే, రూత్ బయటే. చూపు లేని ఇద్దరు ఆడవాళ్ళను గుమ్మం బయట నిలబెట్టి దానికి రాజకీయం అని పేరు పెట్టారు.

పాతసంచికలు:
అది నిజమే గానీ ఆ కథ వాళ్ళ తప్పును తప్పుగానే చూపించింది, అది కూడా చెప్పాలి. ఐరీన్ 1989లో, 255వ సంచికలో, మ్యూర్ దీవిలో చనిపోయింది. తన బూడిద ఏ వేళకు సముద్రంలో కలపాలో ముందే రాసిపెట్టింది. రేవెన్ ఓడ మీద నిలబడి సరిగ్గా ఆ వేళకే కలిపితే గాలి తిరిగి బూడిదంతా ఆమె మొహాన కొట్టింది. రేవెన్ నవ్వేసింది. ఐరీన్‌కి ఆ గాలి ముందే తెలుసు కదా. ముప్పయ్యేళ్ళు గడిచాక అదే రేవెన్, భార్యను బతికిస్తామని ఆశపెట్టి పనులు చేయించుకుంటున్న పెద్దలందరి కళ్ళుగప్పి, 2021లో ఇన్ఫర్నో కథలో ఐరీన్‌ని వెనక్కి తెచ్చుకుంది. ఆ క్రకోవా కథల్లో నాకు గుర్తుండిపోయింది అదొక్కటే.

మ్యాట్నీషో:
బూడిద సంగతి చదివి ఒళ్ళు గగుర్పొడిచింది. ఏది ముందు చదవమంటారు?

పాతసంచికలు:
141, 142. రెండే సంచికలు, ఒక పూటలో అయిపోతాయి.

సిరాబుడ్డి:
తెల్లకర్ర గారూ, "పూడ్చేసింది" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కళ్ళున్నవాణ్ణి కాబట్టి శక్తి అంటే కళ్ళకు బదులు అనే లెక్కలోనే ఆలోచించాను. ఇంకో చూపు అనుకున్నానే గానీ ఇంకో నడక కావచ్చని తట్టలేదు. కానీ ఒకటడుగుతాను. ఆ క్రాస్‌బో గడి సంగతేమిటి? అక్కడ కుర్చీ లేదు, మెట్టు లేదు. దూరాన ఉన్న మనిషి గుండెకు గురి. అది మీ అంగలో పట్టదు కదా?

తెల్లకర్ర:
పట్టదు. అందుకే ఆ గడి గురించి తమ్ముణ్ణి మూడుసార్లు అడిగాను. ఆమె తల ఎటు తిరిగి ఉంది, చెవి ఎటు ఉంది, కెల్లీ ఏమైనా మాట్లాడుతున్నాడా అని. వాడికి విసుగొచ్చి, అక్కా, విల్లు పట్టుకుంది, గురి చూస్తోంది, అంతే అన్నాడు. గురి చూస్తోంది అనకు, ఏం చేస్తోందో చెప్పు అన్నాను. వాడు కాసేపు ఊరుకుని, ఎదురుచూస్తోందక్కా అన్నాడు.

ఇన్ఫర్నో మొదటి సంచిక ఆదివారం చదువుతానన్నాడు. లేచి వచ్చాక ఆమె మొదటి అడుగు ఎలా వేసిందో గీశారేమో చూడమని చెప్పి ఉంచాను. చదివాక ఇక్కడే రాస్తాను.