సమస్యాపూరణం: “చిత్రమందు లేని చెలియె తోచె”

నిర్వాహకుడు (తిరుపతి): వేసవి సెలవులకు వచ్చిన మా మేనల్లుడు తలకోన జలపాతం దగ్గరా, హార్స్‌లీ కొండల మీదా, చంద్రగిరి కోటలోనూ తీయించుకున్న బొమ్మలను ఒక్కొక్కటిగా చూపుతూ, కొన్నింటి దగ్గర కారణం చెప్పకుండా ఆగిపోతూ ఉంటే నాకు ఈ పాదం తట్టింది. ఇదే చివరి పాదంగా వచ్చేట్టు పద్యం పూరించండి.

చంద్రగిరి సభ్యుడు:

చంద్రగిరిని రాజసౌధమ్ము ముంగిట
నల్లకళ్ళజోడు నవ్వు మోము
అద్దములో జూడ నరచేతి ఫోనుతో
చిత్రమందు లేని చెలియె తోచె

పీలేరు ఉపాధ్యాయుడు: రాజమహలు ముందు నిలుచున్న కుర్రవాడి కళ్ళజోడులో, ఫోను పట్టుకుని బొమ్మ తీస్తున్న అమ్మాయిని చూడగలగడం మంచి ఊహ. అయితే మూడవ పాదంలో “అద్దములో” దగ్గర రెండవ గణం (గురులఘువుల జట్టు) చెడింది. “అద్దమునను జూడ” అంటే కుదురుతుంది. “అద్దమందు” అన్నా గణం నిలుస్తుంది గాని, వెంటనే “చిత్రమందు” వస్తున్నది కనుక వినసొంపుగా ఉండదు. నా అసలు అభ్యంతరం వేరు. కళ్ళజోడు చిత్రంలో ఉన్నప్పుడు అందులోని ప్రతిబింబమూ చిత్రంలోనిదే కదా; ఇక ఆమె లేనిదెట్లా అవుతుంది? ఇంతకు ముందు ఇచ్చిన మామిడికాయల సమస్యకు వీరు పంపిన పద్యంలోనూ ఇదే తొందర కనబడింది. తోతాపురి రుచిని చక్కగా పట్టుకుని, సమస్యలోని చిక్కును విప్పకుండానే వదిలిపెట్టారు.

చంద్రగిరి సభ్యుడు: “అద్దమునను” స్వీకరిస్తున్నాను, మాస్టారూ. ప్రతిబింబం మనిషి కాదు కనుక “లేని” అన్నది నిలుస్తుందనే ఇప్పటికీ నా నమ్మకం. మామిడి పద్యం ప్రస్తావన వచ్చింది కాబట్టి, ఆనాటి మీ పూరణలో రెండవ పాదంలో యతి (పాదంలోని అక్షరాల మైత్రి) తప్పిందని మదనపల్లె అమ్మగారు ఎత్తిచూపిన సంగతిని కూడా సభ్యులకు గుర్తు చేస్తున్నాను.

మదనపల్లె సభ్యురాలు: పాత లెక్కలు అట్లా ఉండనీయండి. తిరుపతి వేసవిలో గంగమ్మ జాతరను విడిచి పద్యం చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

గంగజాతరకును గట్టిన కోకలో
పురుషుడొక్కరుండె పొలిచె నచట
చీర యెవరి దనగ జెప్పక నవ్వెను
చిత్రమందు లేని చెలియె తోచె

పీలేరు ఉపాధ్యాయుడు: అమ్మా, గణాల్లోనూ యతుల్లోనూ వంక పెట్టడానికి ఏమీ లేదు. ఏటా మే నెలలో తాతయ్యగుంట గంగమ్మకు మొక్కుకుని మగవాళ్ళు చీర కట్టి, నగలు పెట్టి, పూలు ముడుచుకుని వెళ్ళడం ఊరంతా ఎరిగినదే. బైరాగి వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అంటూ ఆ రోజులన్నీ వేషాలతోనే గడుస్తాయి. అయితే మొక్కుకు కట్టే చీర తల్లిదో అక్కదో కావచ్చు కదా. అది చెలిదే అనడానికి పద్యంలో ఆధారమేమిటి?

మదనపల్లె సభ్యురాలు: ఆధారం మూడవ పాదంలోనే ఉన్నది, మాస్టారూ. అమ్మ చీరైతే అమ్మదని వెంటనే చెప్పేవాడు. చెప్పకుండా నవ్వాడంటేనే ఆ చీర ఎవరిదో తెలిసిపోతున్నది. ఆమె పేరు గాని నీడ గాని బొమ్మలోకి రాలేదు కనుక “లేని” అన్నదానికీ లోటు లేదు.

నిర్వాహకుడు: ఈ జవాబు నాకు పద్యమంత నచ్చింది. జాతర వేషంలో ఆడరూపం కట్టిన మగవాణ్ణి చూపి, చూసేవాళ్ళు అతడినే చెలియగా పొరబడ్డారని చెప్పి ఊరుకునే వీలుండగా, ఆ సులువైన దారిని ఆమె పట్టలేదు. మాస్టారు గారి పూరణ కోసం ఎదురుచూస్తున్నాము.

పీలేరు ఉపాధ్యాయుడు:

ఎవరు తీసిరయ్య యిన్ని బొమ్మలనంచు
తల్లి యడుగ గొడుకు తలను వంచె
సిగ్గు పూచినట్టి చిరునవ్వు లోపల
చిత్రమందు లేని చెలియె తోచె

చంద్రగిరి సభ్యుడు: బొమ్మలన్నీ తీసినది ఆమే కనుక ఏ ఒక్క బొమ్మలోనూ ఆమె లేదు. ఈ మెలికకు నమస్కారం. యతి కూడా ఈసారి నాలుగు పాదాల్లోనూ సరిగ్గా పడినందుకు మరింత సంతోషం. ఒక్క మాట మాత్రం మనవి చేయాలి. బొమ్మ తీసేది అమ్మాయే అన్న ఊహ మొదట వచ్చినది నా కళ్ళజోడు పద్యంలోనే.

పీలేరు ఉపాధ్యాయుడు: కాదనను. మీ పద్యంలో ఫోను పట్టుకున్న ఆ చెయ్యి కనబడకపోతే, తల్లి నోట ఆ ప్రశ్న పెట్టాలని నాకు తోచేది కాదు.