మాల్దీవుల్లో బస: రిసార్టుకా, ఊరున్న దీవికా?

సముద్రపుగాలి:
అత్తమామలతో కలిసి మాల్దీవులు వెళ్దామనుకుంటున్నాం. రిసార్టులో దిగితే సొమ్మంతా పెద్ద కంపెనీల పాలవుతుందని, ఊరున్న దీవిలోనే ఉండాలని మా పెదనాన్నగారు పట్టుబడుతున్నారు. నిజంగా ఆ దేశానికి ఏది మేలు?

లెక్కలమాస్టారు:
మీ పెదనాన్నగారి మాటే సబబు. 2009లో చట్టం మారేదాకా ఊరున్న దీవుల్లో పర్యాటకులకు అతిథిగృహాలు నడపనిచ్చేవారే కాదు. దీవి మొత్తాన్నీ ఒక్క రిసార్టుకే ఇచ్చే ‘ఒక దీవి, ఒక రిసార్టు’ పద్ధతిలో పక్క దీవి జాలరికి దక్కింది అంతంతమాత్రమే. ఇప్పుడు మాఫుషి లాంటి ఊళ్లలో నాలుగు గదులున్నవాళ్లు కూడా సంపాదించుకుంటున్నారు. పొద్దున్నే మస్‌హుని పెడతారు: ట్యూనా చేపను పొడిపొడిగా విదిపి, పచ్చికొబ్బరి తురుము, ఉల్లిపాయ, మిరపకాయ వేసి, నిమ్మరసం పిండి చేత్తో నలుపుతారు. పలుచటి వేడి రొట్టెతో తినాలి. అక్కడ ట్యూనాను పెద్ద వలలతో కాదు, గాలంతో ఒక్కొక్కటిగా పడతారు.

పప్పన్నం:
ఆమె అత్తమామలు శాకాహారులైతే ఈ వర్ణన చూపించకండి మాస్టారూ! రిసార్టులో ముందే చెబితే పప్పూ కూరా వండించుకోవచ్చు.

అలల అంచు:
డబ్బు ఎవరికి చేరుతుందన్నది సగం ప్రశ్నే. పగడపు దిబ్బ మాటేమిటి? చిలుకచేపలు పగడాన్ని కొరికి, అరిగించుకుని వదిలే పొడే ఆ తెల్లటి ఇసుకలో పెద్ద వాటా. దిబ్బ చస్తే తీరం ఉండదు, తీరం లేకపోతే గిరాకీ ఉండదు. దయతో కాకపోయినా, ఆ భయంతోనైనా మంచి రిసార్టు తన దిబ్బను కాపాడుకుంటుంది. ఇరుకు ఊళ్లో అంతస్తు మీద అంతస్తు లేస్తుంటే మురుగు, చెత్త ఎక్కడికి పోతాయి? రాజధాని మాలె దగ్గరి తిలఫుషి చెత్తతో పూడ్చి పెంచిన దీవే కదా.

లెక్కలమాస్టారు:
తిలఫుషికి రిసార్టుల చెత్త కూడా చేరింది, ఆ సంగతి దాటవేయకండి. ఇక నీళ్లు. 2014 డిసెంబరులో మాలెలో ఉప్పునీటిని మంచినీరుగా మార్చే కేంద్రంలో మంటలు లేచి కుళాయిలు ఎండిపోతే, మన దేశం విమానాల్లో, నౌకల్లో నీళ్లు పంపింది. డీజిలు కాల్చి నీళ్లు చేసుకునే చోట విల్లాకో ఈతకొలను కట్టేవారిని పర్యావరణం పేరుతో వెనకేసుకురావడం నాకు మింగుడుపడదు. 2025 జనవరి నుంచి పర్యావరణం పేరుతో పర్యాటకులు కట్టే హరిత పన్ను చూడండి: రిసార్టులో మనిషికి రాత్రికి 12 డాలర్లు, 50 గదులకు మించని అతిథిగృహంలో 6.

అలల అంచు:
ఈతకొలనుల విషయంలో మీతో పేచీ లేదు. పన్ను తగ్గింపు మాత్రం చిన్న అతిథిగృహాలవాళ్లు బతకాలని ఇచ్చిన రాయితీ. హాని సగమేనని ఇచ్చిన ధ్రువపత్రం కాదు.

నావికుడు:
తగవు తెగేలా లేదు గానీ, అడిగినవారికి పనికొచ్చే మాటలు చెబుతాను. ఊరి దీవుల్లో మద్యం నిషేధం. వెంట తీసుకెళ్తే విమానాశ్రయంలోనే తీసి ఉంచుతారు. ఈత దుస్తులకు వేరే తీరం కేటాయిస్తారు, వీధుల్లో ఒళ్లు కప్పుకోవాలి. ప్రభుత్వ పడవలు శుక్రవారం చాలావరకు నడవవు. పిల్లలు ఏరిన పగడపు ముక్కలు సంచిలో పెట్టుకోవద్దు, దేశం దాటించడం నిషిద్ధం. దూరపు రిసార్టుకైతే పగటిపూట దిగే విమానమే చూసుకోండి. నీటిమీద వాలే చిన్న విమానాలు చీకటిపడ్డాక ఎగరవు, మాలె దగ్గర ఒక రాత్రి అద్దె అదనంగా పడుతుంది.